రాళ్లబాయి బొక్కల జరం

దశరథం పద్నాలుగేళ్లుగా రామన్నపేట దవాఖానలో మశూచి టీకాలు వేసే పని చేస్తున్నాడు. చుట్టుపక్కల ముప్పై ఊళ్లూ కాలినడకనే తిరిగేవాడు. భుజానికి తోలుసంచి, అందులో టీకా మందు గొట్టాలు, స్పిరిటు దీపం, గుండ్రటి సూది, ఉర్దూలో రాసుకున్న రిజిస్టరు. ఎదురొచ్చిన మనిషి జబ్బ మీద మచ్చ చూసి, ఏ ఏడు ఏ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వేశాడో చెప్పేవాడు. ఊళ్లలోకి వచ్చే సర్కారు మనుషుల్లో వెట్టికి ఎవర్నీ పిలవనివాడు, కోడినో నెయ్యినో పట్టుకుపోనివాడు అతనొక్కడే. అందుకే రజాకార్ల రోజుల్లోనూ, కమ్యూనిస్టుల సంఘం దళాలు గుట్టల్లో తిరిగే రోజుల్లోనూ అతన్ని ఎవరూ ఆపలేదు. "టీకాల సారు" అంటే చాలు, పోనిచ్చేవాళ్లు. ఆ పోనివ్వడమే దశరథం ఆస్తి.

నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయిన తర్వాతి ఎండాకాలంలో రఘుపతి వచ్చాడు. పాలమూరు వైపు వాడు, పట్నంలో చదివి, మలేరియా పనిలో తర్ఫీదయ్యి, ఆరోగ్య ఇన్‌స్పెక్టరుగా రామన్నపేటలో చేరాడు. ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. సైకిలు తెచ్చుకున్నాడు. చెక్కపెట్టెలో సూక్ష్మదర్శిని తెచ్చుకున్నాడు. నల్గొండ దఫ్తరు నుంచి వచ్చే కాగితాలు ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి మారుతున్నాయి. ముత్యాల్లాంటి దశరథం ఉర్దూ రాతను ఇప్పుడు చదివే దిక్కు లేదు. తను రాసిన నెలవారీ కాగితాన్ని రఘుపతి ముందు పెడితే, అతను చదివించుకుని విని, ఇంగ్లీషులో మార్చి, కింద తన సంతకం చేసేవాడు.

"అన్నా, నువ్వు లేకుంటే నాకు గీ ఊర్లు ఎట్ల తెలుస్తుండె" అనేవాడు రఘుపతి. ఆ 'అన్నా' అన్న పిలుపు దశరథానికి ఒంట్లో ముల్లులా దిగేది. సార్ అని దూరం పెట్టినా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక సందు దొరికేది. ఇతనిలో ఆ సందు కూడా దొరకదు.

ఒక ఆదివారం రఘుపతి దశరథం ఇంటికి భోజనానికి వచ్చాడు. దశరథం భార్య అరుణమ్మ చేసిన పచ్చిపులుసు మళ్లీ మళ్లీ పోయించుకుని, "మా అమ్మ చేతి తీరుగనే ఉన్నది వదినా" అన్నాడు. అరుణమ్మ మొహం వెలిగిపోయింది. పన్నెండేళ్లుగా అదే పచ్చిపులుసు తింటున్న దశరథం తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు. అతను వెళ్లాక, "మంచి పోరడు. జర నువ్వు గూడ గట్ల నాలుగు మాటలు మాట్లాడరాదు" అంది భార్య. ఆ పూటంతా అతను ఆమెతో మాట్లాడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, రాళ్లబాయిలో జరిగింది ఒక ఎత్తు. రామన్నపేటకు నాలుగు మైళ్ల దూరంలో ఉంది ఆ ఊరు. దశరథం అక్కడికి ఎప్పుడు వెళ్లినా గుర్వమ్మ అనే ముసలామె ముంతెడు మజ్జిగ ఇచ్చేది. ఆమె మనవలు ముగ్గురికీ టీకాలు వేసిన చెయ్యి అతనిది. ఆ వానాకాలం మొదట్లో ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు గుర్వమ్మ మజ్జిగ ముంత తెచ్చి, దశరథాన్ని దాటుకుని పోయి, "తాగు డాక్టర్ సాబ్" అని రఘుపతి చేతికిచ్చింది. రఘుపతి వెంటనే ముంతను దశరథం వైపు చాపాడు. దశరథం దాహం లేదన్నాడు. గొంతు ఎండిపోతోంది అప్పటికి.

శ్రావణం చివర్లో ఆ ఊళ్లోనే జ్వరం పుట్టింది.

కోటలాంటి దొర ఇంట్లో, గడిలో, మిలిట్రీ కేంపు ఉంది. ముందు అక్కడి సిపాయిలు పడ్డారు. తర్వాత ఊరు పడింది. ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోవడం, కళ్ల వెనక నొప్పి, నడుములోనూ కీళ్లలోనూ ఎవరో రోకలితో దంచుతున్నంత బాధ. మూడో రోజు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచేది. కొందరికి ఒంటి మీద ఎర్రటి దద్దు. "బొక్కలిరుగుడు జరం" అన్నారు జనం, ఎముకలు విరిచే జ్వరమని. మూడు వారాల్లో ఊళ్లో అరవై మంది, కేంపులో పదిహేడు మంది మంచం పట్టారు.

రఘుపతి రోజూ సైకిలు మీద వెళ్లేవాడు. వేలి కొన పొడిచి, గాజుపలకల మీద రక్తపు చుక్కలు తీసుకుని, సూక్ష్మదర్శినిలో గంటలకొద్దీ చూసేవాడు. మలేరియా పురుగు కనిపించలేదు. క్వినైను పని చేయలేదు. కుంట అంచుల్లోనూ, బాయి కింది మురుగులోనూ దోమలు చావడానికి నూనె పోయించాడు. జ్వరం ఆగలేదు. ఒకరోజు దవాఖాన మెట్ల మీద కూలబడి, "అన్నా, నాకు సమజైతలేదు. పట్నంల నేర్పిందంత గిక్కడ పనికొస్తలేదు" అన్నాడు.

దశరథం లోపల ఒక చల్లటి సంతోషం పాకింది. "ఏం జేస్తం సార్" అన్నాడు.

మర్నాడు టీకాల పని మీద రాళ్లబాయి వెళ్లాడు. గుర్వమ్మ నులకమంచంలో మూలుగుతోంది. "సారూ, జర గోలెంల నీళ్లు ముంచియ్యి" అంది. ఇంటి వెనక నీడలో పెద్ద మట్టి గోలెం ఉంది, నిండా తేటనీళ్లు. ముంత ముంచి పైకి తీసేసరికి నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అదే క్షణంలో మడమ మీద చురుక్కుమంది. ఎర్రటి ఎండ వేళ, పట్టపగలు. చెయ్యి చాచి కొట్టాడు. నల్లటి దోమ, కాళ్ల మీద తెల్లటి చారలు.

పద్నాలుగేళ్ల కిందట టీకాల తర్ఫీదులో ఒక ముసలి డాక్టరు చెప్పిన మాట అతనికి స్ఫురించింది. సముద్రం ఒడ్డు పట్నాల్లో ఎముకల జ్వరం ఒకటి వస్తుందనీ, దాని క్రిమి ఏ అద్దానికీ చిక్కనంత చిన్నదనీ, దాన్ని మోసేది పగలు కుట్టే చారల దోమ అనీ, అది మురుగును కాదని ఇంట్లో దాచుకున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుందనీ చెప్పాడాయన. పేరు డెంగీ అన్నాడు. అప్పుడు తరగతిలో సగంమంది నిద్రపోతున్నారు.

దశరథం ఆ నీళ్లు పారబోసి, పక్కింటి నుంచి కాచిన నీళ్లు తెచ్చి గుర్వమ్మకు తాగించాడు. తర్వాత ఖాళీ మందుసీసాలో గోలెం నీళ్లు, పురుగులతో సహా పట్టుకున్నాడు.

"ఏం జూస్తున్నవ్ సారూ గోలెంల?" అంది గుర్వమ్మ.

"ఏం లేదవ్వా."

పిల్లల జబ్బలు చూసే వంకతో ఇంకో పన్నెండిళ్లు తిరిగాడు. పన్నెండింటిలోనూ నీళ్ల పాత్రలే. గోలేలు, కాగులు, కుండలు, ఆఖరికి పసుల కుడితి తొట్టి కూడా కడిగి నీళ్లు నింపుకున్నారు. కారణం అతనికి తెలుసు. గుట్టల్లో ఉన్న సంఘం వాళ్లు నీళ్లకోసం వస్తున్నారని, కేంపు సుబేదారు రెండు నెలల కిందట పెద్దబాయి దగ్గర కాపలా పెట్టాడు. పొద్దున ఒక్క గంట తప్ప ఎవరూ నీళ్లు తోడకూడదు. ఆ గంటలో తోడినవే రేపటి దాకా, ఒక్కోసారి ఎల్లుండి దాకా. ఇంటింటికీ దోమల సాగు పెట్టించింది ఆ కాపలాయే.

తిరిగి రామన్నపేట చేరేసరికి రఘుపతి మెట్ల మీదే ఉన్నాడు. "ఏమన్న కానొచ్చిందా అన్నా?"

దశరథం సంచిని గట్టిగా పట్టుకున్నాడు. ఒకటో తారీఖు నల్గొండలో జిల్లా ఆరోగ్య అధికారి ముందు నెల సమావేశం ఉంది. ఇంకా తొమ్మిది రోజులు. చెబితే ఈ రాత్రే ఇంగ్లీషులో కాగితం తయారవుతుంది, కింద రఘుపతి సంతకం పడుతుంది. ఆగితే, అందరి ముందూ తనే లేచి నిలబడొచ్చు. ఈ జ్వరంతో మనుషులు చావడం లేదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

"ఏం లేదు సార్" అన్నాడు.

సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇంట్లో గూట్లో పెట్టాడు. రోజూ సాయంత్రం దాని ముందు కూర్చుని ఉర్దూలో రాసుకునేవాడు. ఏ ఇంట్లో ఎన్ని పాత్రలు, ఎన్నింటిలో పురుగులు, ఏ ఇంట్లో ఎవరికి ఏ రోజు జ్వరం. నాలుగు పేజీలైంది. అంత బాగా అతను ఎన్నడూ రాయలేదు. ఆరో రోజుకి పురుగులకు రెక్కలొచ్చాయి. గుడ్డ కింద చారల దోమలు ఎగురుతుంటే, రఘుపతి సూక్ష్మదర్శిని మీద వంగిన దృశ్యం తలుచుకుని దశరథం నవ్వుకున్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పుల్లమ్మ దవాఖానకు పరుగెత్తుకొచ్చింది. ఆమె పెనిమిటి సోమన్న, పెద్దబాయి నుంచి కేంపు పీపాలకు నీళ్లు మోసే మనిషి. ఆమె కొంగు జారిపోతున్నా చూసుకోవడం లేదు.

"సారూ, మా ఇంటాయనను గుంజుకపోయిన్రు. రెండు దినాలాయె. బాయిల విషపు మందు కలిపినవ్, సంగపోళ్లు ఏమిచ్చిన్రు చెప్పు అని కొడుతున్నరట. గీ జరం మందుతోటి వస్తదా సారూ? నీకు తెల్వదా? నువ్వు చెప్తే ఇంటరు. ఊరందరికి సూదులేసినోనివి."

రఘుపతి ఆ రోజు దవాఖానకు రాలేదు. ముందురోజు నుంచి అతనికే జ్వరం. కిరాయి గదిలో పడుకుని ఉన్నాడు.

దశరథం ఇంటికెళ్లి సీసా తీసుకుని, పుల్లమ్మ వెంట రాళ్లబాయికి నడిచాడు. ఆ దారిలో కూడా అతని మనసు ఊరుకోలేదు. రఘుపతి మంచంలో ఉన్నాడు, ఇప్పుడు పోయి చెబితే సోమన్న బయటపడతాడు, పేరూ తనకే ఉంటుంది. సిగ్గుతోపాటే ఆ ఆశ కూడా పక్కనే నడిచింది.

గడి గోడ కింద సోమన్న కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టు వాచి, చెయ్యి పక్కకు తిరిగి ఉంది. దశరథాన్ని చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. సుబేదారు వరండాలో ఉన్నాడు. దశరథం మంచి ఉర్దూలో, మర్యాదగా, సీసా చూపించి మొదలుపెట్టాడు. సుబేదారు రెండు మాటలు విని చెయ్యి ఊపాడు.

"నువ్వు టీకాలవాడివి. నా పదిహేడు మంది పడిపోతే దోమల కథ చెప్తున్నావా? డాక్టరు కాగితం తీసుకురా."

సిపాయి దారి చూపించాడు. ఈ ఊళ్లో ఎన్నడూ ఎవరూ అతన్ని ఆపలేదు. ఇప్పుడు గేటు బయట నిలబడి ఉన్నాడు. పుల్లమ్మ అతని మొహం చూస్తోంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. నాలుగు మైళ్లు వెనక్కి నడిచి రఘుపతి తలుపు తట్టాడు. రఘుపతి కళ్లు ఎర్రబడి, దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. దశరథం నిలబడే చెప్పాడు. గోలేలు, చారల దోమ, ముసలి డాక్టరు మాట, సోమన్న చెయ్యి. ఎప్పుడు చూశాడో మాత్రం చెప్పలేదు.

రఘుపతి విని దుప్పటి తీసేశాడు. "బండి మాట్లాడు అన్నా."

"గీ జరంతోటి ఎట్ల వస్తవ్ సార్?"

"మనిషిని కొడుతున్నరంటివి గద."

బండిలో ప్రతి గుంతకూ రఘుపతి పళ్లు బిగించి మూలిగాడు. దశరథం పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఆ జ్వరమే తనకొచ్చి ఉంటే తను లేచేవాడా? లేవనేమో అనిపించింది. ఆ అనిపించడానికి కూడా రఘుపతి మీదే కోపమొచ్చింది.

కేంపులో రఘుపతి విషం గురించి వాదించలేదు. గోడ పట్టుకుని నిలబడి, ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పి, సుబేదారును వంటింటి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఆరు ఇనప పీపాలున్నాయి. మూతల్లేవు. ఒక్కొక్కదాంట్లో గ్లాసు ముంచి వెలుతురుకు పట్టి చూపించాడు. సుబేదారు మొహం చిట్లించాడు. "పురుగులు సరే, బాయిలో విషం లేదని ఏంటి నమ్మకం?" అన్నాడు.

రఘుపతి పెద్దబాయి దగ్గరికి నడిచాడు. చేద వేయించి, తోడిన నీళ్లు దోసిట పట్టి, అందరూ చూస్తుండగా గుటగుటా తాగాడు. మళ్లీ తాగాడు. "ఇది తాగితే ఏం గాదు. దోమ కుట్టబట్టి నాకు జరమొచ్చింది. చూడండి, చెయ్యి పట్టుకొని చూడండి" అన్నాడు.

ఎంత చిన్న పని అది! ఇందాక తను కూడా ఆ బాయి పక్కనుంచే నడిచి వచ్చాడు. దోసెడు నీళ్లు తాగాలని తనకెందుకు తోచలేదో దశరథానికి అర్థం కాలేదు.

సుబేదారు అతని చెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత సోమన్నను వదలమన్నాడు. పీపాలు ఒంపి తోమించమన్నాడు. నీళ్లకు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇస్తానన్నాడు. అంతకుమించి దిగలేదు. వెళ్లబోతూ, "ఎవరు కనిపెట్టారిది?" అని అడిగాడు.

రఘుపతి దశరథం భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయనే."

"ఎప్పుడు?"

"నిన్న" అన్నాడు దశరథం.

మూడు రోజులకు జ్వరం కొంచెం తగ్గాక రఘుపతి కాగితాలు ముందేసుకుని అతన్ని పిలిచాడు. సీసా బల్ల మీద ఉంది. కొన్ని దోమలు చచ్చి నీళ్ల మీద తేలుతున్నాయి, కొన్ని గుడ్డకు అంటుకున్నాయి.

"నీ పేరు ముందల రాస్త అన్నా. కనిపెట్టింది నువ్వు. తారీఖు గూడ కావాలె. యే దినం పట్టినవ్ గీ పురుగులను?"

"మొన్న సుబేదారుకు చెప్పిన గద సార్. ముందటి దినం."

రఘుపతి సీసా ఎత్తి చూశాడు. "ఆ దినం నువ్వు తెచ్చేటప్పటికే వీటికి రెక్కలున్నయ్. పురుగుకు రెక్కలు రావాల్నంటే తక్కువల తక్కువ ఐదారు దినాలు పడ్తది. నాకు తెలిసింది గదొక్కటే అన్నా, దోమల సంగతి."

దశరథం కిటికీలోంచి బయటికి చూశాడు. రఘుపతి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని దశరథం ఆశపడ్డాడు.

"సోమన్నను పట్కపోయింది నువ్వు నాకు చెప్పేటానికి రెండు దినాల ముందే గద" అన్నాడు రఘుపతి మెల్లగా. "నేను తప్పు తారీఖు రాయ. నీ పేరు రాస్తే అసలు తారీఖు గూడ రాస్త. లేదంటే రెండూ వద్దు. నువ్వే చెప్పు."

దవాఖాన వరండాలో ఎవరో దగ్గుతున్నారు. పద్నాలుగేళ్లలో తను కోరుకున్న ఒక్క కాగితం అది, బల్ల మీద సిరా ఆరకుండా ఉంది.

"రెండూ వద్దు సార్."

ఒకటో తారీఖు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యంగా జరిగిన సమావేశంలో రఘుపతి తన కాగితం చదివాడు. పేర్ల దగ్గర 'స్థానిక సిబ్బంది సహాయంతో' అని మాత్రం ఉంది. అధికారి లేచి అతనితో చేయి కలిపాడు. వెనక బల్ల మీద కూర్చున్న దశరథం జేబులో నాలుగు ఉర్దూ పేజీలున్నాయి. ఇంటికొచ్చి వాటిని పొయ్యిలో పెట్టాడు. ఏమిటవి అని అరుణమ్మ అడిగితే, పాతవి అన్నాడు.

తర్వాతి వారం రాళ్లబాయి వెళ్లి, సోమన్న గుడిసె ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఏ రోజు చూశాడో, ఎందుకు చెప్పలేదో. సోమన్న విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"గంతేనా సారూ? ఆయన పేరొస్తదనా?" అన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ గొంతులో.

పుల్లమ్మ లోపల్నించి వచ్చింది. "మా ఇంట్ల నీళ్లు గూడ ముట్టకు" అంది. "నేను నీ కాళ్ల కాడికి ఉరికొచ్చిన్నాడు గూడ నువ్వు గది చెప్పలే."

దశరథం తల వంచుకుని వెనుదిరిగాడు. ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. సోమన్న ఆ తర్వాత బరువు ఎడమ చేత్తోనే మోశాడు.

రఘుపతిని ఆరునెలల్లో పట్నానికి తీసుకున్నారు. వెళ్లేరోజు దశరథాన్ని కావలించుకున్నాడు. దశరథం కట్టెలా నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా అతని సంగతులు వస్తూనే ఉండేవి. పెద్ద ఉద్యోగం, ఢిల్లీలో తర్ఫీదు, పత్రికలో ఫోటో. అరుణమ్మ పత్రిక తెచ్చి చూపిస్తే దశరథం చూసి ఇచ్చేసేవాడు. ఆ పూట అన్నం సహించేది కాదు. అంతా అయ్యాక కూడా ఆ మంట ఆరలేదు. ఇప్పుడు దానికి సాకు కూడా లేకుండా పోయింది, అంతే తేడా. రఘుపతి ఇంకొకరిని పొగిడినంత తేలికగా తను ఎన్నడూ ఎవరినీ పొగడలేకపోయాడని తెలుసుకున్నాక, దానికీ అసూయపడ్డాడు.

కేంపు ఎత్తేశాక, బాయి మీద కాపలా పోయింది. కానీ గోలేలలో నీళ్లు దాచే అలవాటు ఉండిపోయింది. దశరథం ఎవరూ చెప్పకుండానే ప్రతి మంగళవారం రాళ్లబాయి వెళ్లి ఇంటింటి గోలెం ఒంపించి, తోమించి, ఎండబెట్టించేవాడు. పుల్లమ్మ మాట్లాడేది కాదు. అతను వచ్చే వేళకు గోలెం బోర్లించి పెట్టి లోపలికి పోయేది. పదవీ విరమణ దాకా, పదకొండేళ్లు అలాగే తిరిగాడు. ఆ ఊళ్లో బొక్కల జరం మళ్లీ అంతగా లేవలేదు.

ఆఖరి ఏడు ఒకనాడు ఆ ఊళ్లో నర్సింహ అనే అతని కోడలు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఎండలో బోర్లించిన గోలెం చూపించి సంబరంగా అంది.

"చూడు సారూ, రఘుపతి సాబ్ చెప్పిన తీరుగనే ఎండబెట్టినం. ఆయన కనిపెట్టకపోతే ఊరు ఆగమయ్యేదట గద, మా అత్త చెప్పింది."

దశరథం వంగి గోలెం అడుగు వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది.

"అవును బిడ్డా, ఆయనే కనిపెట్టిండు" అన్నాడు. ఆ మాట అనేసరికి అతనికి ఎంత కష్టమైందో ఆ పిల్లకు తెలియలేదు. పక్కింటి వైపు నడిచాడు.